ఊపిరి సందు

పళ్ళ డాక్టరమ్మ మా ఆయన నోట్లోకి లైటు వేసి చూసి, కింది వరసలో ముందుపళ్ళు మూడు తీసెయ్యాలంది. ఇంకెవరైనా అయితే నొప్పి గురించి అడుగుతారు, షుగరు మనిషిని కదా పుండు మానుతుందా అని అడుగుతారు. మా ఆయన మాత్రం, అవి పోతే ఫ్లూటు ఎక్కడ ఆనించుకోవాలని అడిగారు.

ఫ్లూటు వాయించే మనిషి ఆ అమ్మాయికి అంతకుముందు తగిలినట్టు లేదు. ఆయన చూపుడువేలు కింది పెదవి కింద అడ్డంగా పెట్టుకుని, గొట్టం ఇక్కడ ఆనుతుంది, లోపల ఈ పళ్ళే దానికి గోడ అని బర్మీస్‌లో వివరంగా చెప్పారు. ఆమె ఓపిగ్గానే విన్నది. ముందు మందులతో చీము తగ్గాలి, తర్వాత పళ్ళు తియ్యాలి, చిగురు మానడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పుడు కట్టుడుపళ్ళు పెట్టి చూద్దాం అంది. అప్పుడైనా మునుపటిలా పలుకుతుందా అంటే, అది నాకు తెలియదని నిజమే చెప్పింది. వాళ్ళ వీధికి కరెంటు ఏ రోజు ఏ గంటకొస్తుందో కాయితం చూసుకుని, ఆ పై వారం సోమవారం పొద్దున్న పదింటికి రమ్మంది. మధ్యలో పన్నెండు రోజులున్నాయి.

ఇంటికి సైకాలో వచ్చాం. సైకిలు పక్కన రెండు సీట్లు బిగించిన ఈ బండిలో ఇద్దరూ వీపుకి వీపు ఆనించుకుని కూచోవాలి. ఆయన మొహం నాకు కనబడదు, నా మొహం ఆయనకి కనబడదు. కోపంగా ఉన్నప్పుడు ఇంతకంటే మంచి బండి లేదు. నా కోపమంతా కూన్యా మీద. తమలపాకులో సున్నం, వక్క, పొగాకు చుట్టి బుగ్గన పెట్టుకునే ఆ కూన్యాని ఆయన ముప్పైయేళ్ళకి పైగా నమిలారు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. మా ఆయనకి రాయి కూడా అక్కర్లేకపోయింది, ఆకుతోనే పని కానిచ్చారు. ఇదంతా దారి పొడుగునా వినపడేలాగే అన్నాను.

ఇంటి మెట్లు నాలుగంతస్తులు ఎక్కి, తలుపు తీసి, కుర్చీలో కూచున్నాక అప్పుడు నోరు విప్పారు. "పన్నెండు రోజుల్లో ఆ నెమ్మదిపాట ఒక్కసారి ఆగకుండా అయిపోద్దేటి?" అన్నారు. నాకు కోపమంతా చల్లారిపోయింది. ఎందుకంటే ఆ పాట ఆరేళ్ళుగా ఆగుతున్నది ఆయన వల్ల కాదు, నా వల్ల.

అది ఫ్రెంచివాళ్ళ పాట. ఫ్లూటుకీ పియానోకీ కలిపి రాసింది. మూడు భాగాలుంటాయి, నడిమిది నెమ్మదిగా సాగుతుంది, నాలుగే పేజీలు. మొదటిదీ మూడోదీ మా వేళ్ళకి అందేవి కావని ముందే తెలుసుకుని ఒగ్గేశాం. ఈ నాలుగు పేజీలైనా మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి మధ్యలో ఆగకుండా వాయించాలని మా పట్టు. ప్రతిసారీ రెండో పేజీ చివర బండి ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుందో చెప్పాలంటే నా హార్మోనియం గురించి చెప్పాలి. మా తాత సేక్కాన్ రేవులో ఓడల సరుకు మోసిన మనిషి. విశాఖ వైపు నుంచి వచ్చిన అలాంటివాళ్ళంతా కలిసి పెట్టుకున్న రామమందిరంలో, పన్నెండో ఏటినుంచి ప్రతి శుక్రవారం భజనకి నేనే పెట్టె వాయిస్తున్నాను. నాకు పెట్టె నేర్పిన పెద్దాయన ఒకే ఒక్క సూత్రం చెప్పేవాడు. పాడేవాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడంటే, ఆ సందులో పెట్టె పలకాలి. అతను వదిలిన వరస తోకని పట్టుకుని, మళ్ళీ అందుకునేదాకా తిప్పాలి. సందు ఖాళీగా కనపడిందా, పాడేవాడి పరువు పోయినట్టే, పెట్టెవాడి పరువు అంతకుముందే పోయినట్టు. నలభై ఆరేళ్ళుగా నేను ఒక్క సందు కూడా ఖాళీగా వదల్లేదు.

పియానో సెయామా దగ్గర నేర్చుకున్నాను. సెయామా అంటే ఇక్కడ పంతులమ్మ. ఆమె ఇక్కడి కరెన్ జాతి మనిషి, చర్చిలో పియానో వాయించేది, మా వీధికి రెండు వీధులవతల ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్న వాళ్ళ చెక్కమెట్లు బాగుచేస్తుంటే నేను కూడా వెళ్ళి పియానో దగ్గర నిలబడిపోయానట. అలా నాలుగేళ్ళు నేర్చుకున్నాను. నా కుడిచేయి చురుకుగానే ఉండేది. ఎడమచేయికే ఏమీ తెలిసేది కాదు, హార్మోనియం దగ్గర దాని పని గాలికొట్టడమే కదా. పియానో మీద పెట్టినా అది లేని తిత్తిని కొడుతున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగేది. సెయామా దాని మీద పెన్సిలుతో చిన్నగా కొట్టేది. తర్వాత టైపు ఉద్యోగం, పెళ్ళి, పిల్ల. పియానో మరిచేపోయాను.

మా ఆయనది గంజాం కుటుంబం. వాళ్ళింట్లో అత్తగారు కోపమొస్తే ఒడియాలో తిట్టేది, ప్రేమొస్తే తెలుగులో తిట్టేది. ఆయన ఇన్సేన్ రైల్వే వర్కుషాపులో పనిచేశారు. అక్కడి బ్యాండులో ఫ్లూటు వాయించేవారు. రిటైరయ్యాక ఇంట్లో కూచుని, నేను వంటింట్లో ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. నెల రోజులు భరించి, ఒకరోజు ఆయన్నీ ఆయన ఫ్లూటునీ సెయామా ఇంటికి లాక్కెళ్ళాను. సెయామా వేళ్ళు అప్పటికే కీళ్ళనొప్పులతో వంకర తిరిగిపోయాయి, తాను వాయించలేకపోయేది. ఆమె ఫ్లూటు చూడగానే లోపలికెళ్ళి, ట్రంకుపెట్టె అడుగునుంచి పచ్చబడిపోయిన కాయితాలు తెచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఎవరో ఫ్లూటు మనిషికి తోడుగా ఈ పాటలకి పియానో వాయించేదట. ఎవరికని మేము అడగలేదు.

నేర్పుతాను గానీ కూన్యా నమిలిన నోరు నా గుమ్మం దాటకూడదంది. ఇరవైయేడేళ్ళు నేను బతిమాలితే మానని మనిషి, ఆమె ఒక్క మాటకి ఆ సాయంత్రమే మానేశారు. నాకు సంతోషమూ అయింది, మంటా పుట్టింది.

ఫ్రెంచివాళ్ళ పాట మొదట్లో నాకు పాటలాగే అనిపించలేదు. మన పాట ఎంత తిరిగినా షడ్జమానికి వచ్చి చేరుతుంది. ఇది ఇంటికే వెళ్తోంది కదా అనుకునేసరికి పక్కింటి అరుగు మీద కూచుంటుంది. కొన్నాళ్ళకి ఆ అరుగు కూడా బాగానే ఉందనిపించింది. ఇది పెద్ద సభల కోసం రాసింది కాదని, ఇంటి ముందుగదిలో ఇద్దరు ముగ్గురు కూచుని వాయించుకునే సంగీతమని సెయామా చెప్పింది. అక్కడ ఫ్లూటు పాటలు చాలావరకు సంగీతం బడిలో పరీక్షలకి రాయించినవేనని కూడా చెప్పింది. అయితే ఇది ప్రశ్నాపత్రమన్నమాట, అందుకే ఏటేటా తప్పుతున్నాం అని మా ఆయన నవ్వారు.

ఆ రెండో పేజీ చివర ఫ్లూటు గీతల పైన ఒక చిన్న కామా ఉంటుంది. అక్కడ ఊపిరి తీసుకోమని గుర్తు. దాని కిందే నా గీతల్లో, ఏమీ వాయించవద్దని ఇంకో గుర్తు ఉంటుంది. అంటే ఆ ఒక్క లెక్కసేపు ఇద్దరమూ ఊరుకోవాలి. రాసినాయన కావాలనే ఖాళీగా ఉంచాడు. మా ఆయన ఊపిరి కోసం ఆగడమూ, నా కుడిచేయి తనంతట తానే ఆ వరస తోక పట్టుకుని రెండు స్వరాలు తిప్పెయ్యడమూ ఒక్కసారే జరిగేవి. ఆయనది బ్యాండు చదువు. పక్కనుంచి వరస వినపడిందంటే తాను వెనకబడిపోయానని గాభరా పడి, ఊపిరి సగంలోనే అందుకునేవారు. నేనొక చోట, ఆయనొక చోట. సెయామా పెన్సిలు టకటకలాడేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని సామెత. నాది పుట్టుకతో రాకపోయినా అంతే మొండిగా ఉండేది.

ఆ పన్నెండు రోజులూ మాకు సెయామా ఇల్లే ఇల్లయింది. వానాకాలం నడుమ. ఈ గాలికి పియానో లోపలి చెక్కలు ఉబ్బి మెట్లు కిందకి నొక్కితే పైకి రావు. దానికి మందుగా పెట్టె లోపల చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు. కరెంటు వచ్చేదే నాలుగు గంటలు, పోయేది ఎనిమిది గంటలు అయితే బల్బు ఏం వెలుగుతుంది? మూడు మెట్లు పట్టేశాయి. మా ఆయన ఇంట్లో ఉన్న బ్యాటరీని సంచిలో వేసుకుని, వానలో మోసుకుపోయి, తీగలు బిగించి ఆ బల్బుకి కలిపారు. మూడు రోజులు ఆరకుండా వెలిగింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ ఫ్యాను లేదు, విసనకర్రే.

ఫ్లూటుకీ ఇలాంటి బాధే. దాని మెత్తటి మూతలు చెమ్మకి అంటుకుపోతాయి. సిగరెట్టు కాయితం మూత కింద పెట్టి నొక్కి తీస్తే చెమ్మ పీల్చుకుంటుంది. కూన్యా మానేసిన మనిషి సిగరెట్టు కాయితాలు కొంటుంటే కొట్టువాడు అనుమానంగా చూసేవాడట. ఈ సంగతి రోజూ చెప్పి రోజూ నవ్వేవారు. పళ్ళు కదులుతున్నాయి కాబట్టి అరగంటకి మించి వాయించలేకపోయేవారు. నవ్వడం మాత్రం తగ్గించలేదు.

ఏడో రోజు మళ్ళీ అదే చోట ఆగిపోయాం. సెయామా ఈసారి పెన్సిలు కొట్టలేదు. నా చేతుల మీద తన వంకరవేళ్ళు పెట్టి, ఇది నీకు రాక కాదు, నువ్వు దేనికో భయపడుతున్నావు అంది. నాకేం భయం అని చిరాకుపడ్డాను. దారంతా అదే ఆలోచన. ఇంటికొచ్చి బియ్యం కడుగుతుంటే అప్పుడు తెలిసింది.

రెండేళ్ళుగా ఆయన ఊపిరి చప్పుడు చేస్తోంది. కదిలే పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పోతుంటే బుస్సుమని, చివర చిన్న ఈలతో వస్తుంది. మొదట అలవాటు కొద్దీ సందు నింపేదాన్ని. తర్వాత్తర్వాత కావాలనే నింపుతున్నాను. ఆ బుస్సు బయటికి వినపడకూడదని, ముసలితనం ఆయన నోట్లోంచి పలకడం ఎవరూ వినకూడదని. ఎవరూ అంటే ముందు నేను. ఈ సంగతి అన్నం తింటున్నప్పుడు ఆయనకి చెప్పేశాను. మా ఇద్దరి మధ్యా దాపరికాలు నిలవవు, నా నోరు అలాంటిది.

ఆయన కాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నారు.

"నాకు తెలుసే," అన్నారు. "నా ఊపిరిని నువ్వు కప్పీయక్కర్లేదు. ఆ బుస్సుమనీది నాదే. ఇనపడనీ."

"మరి నలుగురూ ఇంటేనండి?"

"నలుగురెవరే? నువ్వూ, సెయామా. ఇన్నేల్లు పక్కన పడుకున్నావు, నా ఊపిరి నీకు కొత్తేటి?"

నేను చారు పోసుకున్నాను. ఆయన చేప ముక్కలో ముల్లు తీసేసి, ఆ ముక్క నా కంచంలో వేశారు. మెత్తగా ఉండేదే తినాలని డాక్టరమ్మ తనకి చెప్పినా, మంచి ముక్కలన్నీ నాకే వేస్తున్నారు ఆ వారమంతా.

శనివారం మధ్యాహ్నం ఆఖరి రోజు. ఆదివారం సెయామాకి చర్చి, సోమవారం మాకు డాక్టరమ్మ. బయట వాన జోరుగా ఉంది. పియానో లోపల బల్బు సందుల్లోంచి పచ్చగా కనబడుతోంది. పట్టేసిన మెట్లు మూడింట్లో రెండు విడిపోయాయి, మూడోది బరువుగా ఉన్నా లేస్తోంది. ఆయన మూతలన్నీ కాయితంతో అద్ది, రెండు సార్లు ఊది, చాలు, ఇక ఒకటే ఉంది నా దగ్గర అన్నారు. ఒకటే అంటే ఒక్కసారి వాయించేంత ఓపిక. సెయామా పెన్సిలు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

మొదటి పేజీ మామూలుగానే వెళ్ళింది. రెండో పేజీలో పాట పైకి ఎక్కింది. కామా దగ్గరికి వచ్చాం. ఆయన ఆగారు. నా కుడిచేయి లేచింది. దాన్ని నేను ఒళ్ళోకి లాక్కోలేదు, అలా చేస్తే మళ్ళీ సమయానికి చేరదు. మెట్లకి ఒక వేలెడెత్తులో గాల్లో ఉంచేశాను, చీర కొంగు పట్టుకున్నట్టు గట్టిగా. గదిలో వాన చప్పుడు ఉంది. అందులోంచి బుస్సుమని ఆయన ఊపిరి, చివర ఆ ఈల. ఎంత పెద్దగా వినపడిందో. ఎంత సేపు పట్టిందో కూడా ఇప్పుడు విన్నాను. ఇన్నాళ్ళూ ఆ మనిషికి కావలసినంత గాలి నేను తీసుకోనివ్వలేదు. నిండా తీసుకుని, ఆయన మళ్ళీ అందుకున్నారు. నేను కింద స్వరంతో కలిశాను. సరిగ్గా కలిశాను.

తర్వాత రెండు పేజీలూ ఎలా గడిచాయో పూర్తిగా గుర్తులేదు. ఆ నిండు ఊపిరితో ఆయన ఫ్లూటు ఎప్పుడూ లేనంత పొడుగ్గా పలికిందని మాత్రం గుర్తుంది. చివరి చోట ఫ్రెంచిలో, ఒదిగిపో, దారియ్యి అని అర్థమొచ్చే మాట రాసి ఉంటుంది, అంటే అక్కడ నడక తగ్గించాలి. ఇద్దరం ఒదిగాం. పాట ఇంటికి రాలేదు, పక్కింటి అరుగు మీదే కూచుని ఊరుకుంది. సెయామా పెన్సిలు కింద పెట్టి, లేచి టీకి నీళ్ళు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఫ్లూటు లోపలికి గుడ్డ దూర్చి తుడుచుకుంటూ, అయిపోయింది కదే, ఏడుపేటి అన్నారు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. ఆ పూట సెయామా ఇంట్లో పకోడీలు తిన్నాం. ఆయన లోపలి మెత్తటి ఉల్లిపాయలు ఏరుకుని తిన్నారు.

సోమవారం పదింటికి కరెంటు వచ్చింది, పళ్ళు మూడూ పోయాయి. డాక్టరమ్మ వాటిని దూదిలో చుట్టి ఇస్తే ఆయన జేబులో వేసుకున్నారు. తిరుగు సైకాలో వీపుకి వీపు ఆనించుకుని, ఈసారి నేనే మాట్లాడలేదు.

శుక్రవారం భజనలో నా వల్ల ఒక అల్లరి జరిగింది. పాడే పెద్దాయన ఊపిరి కోసం ఆగాడు, నేనూ ఆగిపోయాను. చేయి మెట్లకి వేలెడెత్తులో అలాగే నిలబడిపోయింది. మందిరమంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. పెట్టె చెడిపోయిందనుకుని ఆ పెద్దాయన పాట ఆపేసి నావైపు తిరిగాడు, తాళాలవాళ్ళు తిరిగారు, వెనక వరసలో పులిహోర పొట్లాలు కడుతున్నవాళ్ళు కూడా తిరిగారు. ఏటైంది అని అడిగితే, తిత్తిలో గాలి పోయిందని చెప్పాను. మా ఆయన స్తంభం పక్కన బోసినోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే నవ్వుతున్నారు.

మర్నాడు అలవాటు చొప్పున టీకి సెయామా ఇంటికి వెళ్ళాం. ఫ్లూటు తీసుకెళ్ళలేదు. చేతులు ఖాళీగా ఉండటం ఆయనకి చేతకావట్లేదు, మాటిమాటికీ గ్లాసు తిప్పుతున్నారు. సెయామా అది చూసి, నా వాటా నన్ను వాయించమని, కాయితాలు ఆయన్ని తిప్పమని చెప్పింది. ఒక్క పియానోతో ఈ పాట బోసిగానే ఉంటుంది, మా ఆయన నోరులాగే అన్నాను. ఆయన వచ్చి నా కుడి భుజం పక్కన నిలబడ్డారు.

మొదటి పేజీ ఒంటరిగానే నడిచింది. రెండో పేజీ చివర కామా దగ్గర నేను చేతులెత్తి ఆగాను. ఫ్లూటు లేదు, వాన కూడా లేదు. సందు ఉన్నదున్నట్టు ఖాళీగా ఉంది. అప్పుడు నా భుజం పక్కనే ఆయన ఊపిరి తీసుకున్నారు. ఈసారి ఈల లేదు. నిండుగా, వేళకి, ఎప్పుడు పూర్తయిందో నాకు తెలిసేలా తీసుకున్నారు. నేను కింద స్వరంతో కలిశాను. ఆయన పేజీ తిప్పారు.